పేరు లేని పడవ

తెల్లవారుజామున నాలుగింటికి
విక్టోరియా సరస్సు ఒడ్డున
బుట్ట బోర్లించి దాని మీద కూర్చునేదాన్ని.
చేపల ధర నాకు తెలుసు.
డబ్బు కాక ఇంకొకటి అడుగుతారనీ తెలుసు.
దానికి మా రేవులో ఒక పేరుంది: జబోయా.
ఆ మాట మా అమ్మ ముందు నేనెప్పుడూ అనలేదు,
అమ్మా నా ముందు అనలేదు.
ఇద్దరం అమ్మింది అవే చేపలు.

ఆవేళ నా పక్కన కూలబడింది అపోండి.
మోకాళ్ళ నొప్పుల మనిషి,
ఒక చెవికే పోగు.
ఓదారుస్తుందనుకున్నాను.
"ఎక్కాలు వచ్చా?" అంది.
"వచ్చు."
"భాగహారం?"
"కొంచెం."
"కొంచెం వస్తే కొంచెమే మిగులుతుంది.
రేపు పెన్సిల్ తెచ్చుకో."

కిసుము బ్యాంకులో
పడవ ఎవరి పేరున అన్నారు.
పదకొండుమంది పేర్లు ఊపిరి తీయకుండా చెప్పింది.
మొగుడి సంతకం కావాలన్నారు.
"మొగుడు ఈ సరస్సులోనే మునిగాడు,
సంతకం ఈదుకుంటూ వస్తుందేమో కనుక్కోండి."
మూడోసారి వెళ్ళినప్పుడు
ఉడకబెట్టిన కర్రపెండలం మూటగట్టుకుని
మేనేజరు గది ఎదుటి బెంచీ మీద బాసింపట్టు వేసింది.
అప్పు ఇచ్చారో
బెంచీ ఖాళీ చేయించుకున్నారో
ఇప్పటికీ తెలీదు.

ఆడవాళ్ళెక్కితే పడవ అచ్చిరాదన్నాడు
మేకులు కొడుతూ వడ్రంగి.
"మేమెక్కం నాయనా.
మీవాళ్ళే ఎక్కుతారు,
మా దగ్గర కూలికి."

రేవులో ప్రతి పడవకీ పేరుంటుంది,
దేవుడిదో, ఫుట్‌బాల్ జట్టుదో, పోయిన తల్లిదో.
మాది మాత్రం బోడి చెక్క.
"తీర్చేదాకా బ్యాంకుదే అది.
పక్కింటి బిడ్డకి మనం బారసాల చేస్తామా?"

నాకు నేర్పింది మెత్తగా కాదు.
ఐసు ఖర్చు, డీజిలు ఖర్చు, వల చిరుగుల ఖర్చు,
నష్టాన్ని లాభం కంటే పెద్ద అక్షరాల్లో రాయమంది.
ఒకసారి రెండొందల షిల్లింగుల తప్పు దాచాను.
అందరి ముందూ నా చేతే చదివించింది.
తొమ్మిది రోజులు మాట్లాడలేదు నేను.
పదో రోజు ఇంటికి ఎండు ఒమెనా పంపింది,
పొట్లంలో చీటీ:
తూకం ఇంత, ధర ఇంత,
నీ వాటాలోంచి తీసేశాను.
అప్పుడు నవ్వొచ్చింది. ఏడుపు కూడా.

నైరోబీలో పెద్ద హాలు, శాలువా, ఫోటోలు.
మైకులో ఎవరో ఆమెని
సామాజిక వ్యాపారవేత్త అన్నారు.
నా చెవి దగ్గరికి వంగింది:
"అది నయమయ్యేదేనా?"

తర్వాతి ఏడు గుర్రపుడెక్క కమ్మేసింది.
నీళ్ళు కనిపించకుండా పచ్చగా, ఊదా పూలతో,
చూడ్డానికి ఎంత అందం.
రెండు నెలలు పడవ కదల్లేదు,
వాయిదా మాత్రం కదిలింది.
చెవిపోగు కూడా పోయింది.
పిల్లల ఆకలికి ఆగలేక
అమొలో మళ్ళీ అవతలి రేవుకి,
చీకట్లో నిలబడే వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.
ఎవరం ఏమీ అనలేదు.
అపోండి కూడా.

నాలుగో ఏట చివరి వాయిదా కట్టి
నీలం రంగు డబ్బా నా చేతిలో పెట్టింది.
దేవుడి పేరు రాయమన్నారు కొందరు,
అపోండి పేరే రాయమన్నారు ఇంకొందరు,
ఆ చూపుకి నోళ్ళు మూతపడ్డాయి.
నేను "రసీదు" అని రాశాను.
ఒడ్డున మగవాళ్ళు పడీ పడీ నవ్వారు.
ఆమె నవ్వలేదు.
తడి ఆరేదాకా ఎండలో నిలబడి
ఈగలు తోలింది.

ఇప్పుడు పుస్తకం నా దగ్గరుంటుంది.
శనివారం వాటాలప్పుడు
పదకొండు పేర్లూ పైకి చదవాలి, అది ఆమె నియమం.
అన్నీ సిరాతో.
అమొలో దగ్గర సున్న.
అది మాత్రం
పెన్సిల్‌తో రాయమంటుంది.